బండి బీమాకు ఫోను ఉంది, భరోసా ఏదీ?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలో టీ డబ్బులు ఫోన్‌పేలో కొట్టే డ్రైవరు కూడా బండి బీమా దగ్గరికొచ్చేసరికి ఏజెంటు వైపే చూస్తాడు. ఇది ఫోను వాడటం రాక కాదు. థర్డ్ పార్టీ ప్రీమియం రేటును కేంద్రమే ఖరారు చేస్తుంది. 75 నుంచి 150 సీసీ బైకుకు 2022లో నిర్ణయించిన 714 రూపాయలు, పన్ను కాక, ఎక్కడ కట్టినా అంతే. ధరలో లాభం లేనప్పుడు మనిషి చూసేది భరోసానే. ప్రమాదం జరిగితే ఎవరికి ఫోన్ చేయాలి? ఆ జవాబు ఇంగ్లిష్ పాలసీ పేజీల్లో ఎక్కడో ఉంటే, తెలిసిన మనిషే నయమనిపిస్తుంది.

ఆన్‌లైన్‌లో మోసాలు లేవా అంటారు. ఉన్నాయి, కాగితం మీద చేతికిచ్చే నకిలీ పాలసీలూ ఉన్నాయి. రెండింటికీ మందు ఒకటే: కట్టిన కొన్నాళ్లకు ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి, బీమా గడువు మారిందో లేదో చూసుకోవడం. ఏజెంట్ల పొట్ట కొట్టొద్దన్న మాటా న్యాయమే. ఏజెంటు ఫారం నింపి, డబ్బు మాత్రం డ్రైవరు ఖాతా నుంచి నేరుగా కంపెనీకి వెళితే అతని పనీ పోదు, అనుమానమూ మిగలదు. బీమా లేకుండా మొదటిసారి దొరికితే చట్టప్రకారం 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఇంత కచ్చితంగా కట్టమంటున్నప్పుడు పాలసీ సారాంశాన్ని తెలుగులో ఇవ్వడం, తెలుగులో పలికే క్లెయిము నంబరు పెట్టడం కంపెనీల బాధ్యత. బీమా నియంత్రణ సంస్థ వాటిచేత ఆ పని చేయించాలి.