మన బరువు మోసేది మన పాదాలే



ఉద్యోగం వచ్చిన రెండేళ్ళకు ఊరికి వెళ్ళిన వాణ్ణి చూసి మనవాళ్ళు అనే మొదటి మాట "బాగా ఒళ్ళు చేశావురా" అని. అది మెప్పు. తరతరాలుగా కడుపు నిండని ఇళ్ళలో ఒళ్ళు చేయడమంటే కష్టాలు గట్టెక్కినట్టే లెక్క. అలా అనేవాళ్ళను తప్పు పట్టలేం. కానీ దాని వెనకున్న నష్టం గురించి చదువుకున్న మనమైనా మాట్లాడుకోవాలి. గుండె గురించి అందరూ చెబుతారు. పాదాల గురించి ఎవరూ చెప్పరు.

ఒక్కో పాదంలో 26 ఎముకలు, 33 కీళ్ళు ఉంటాయి. అడుగు వేసిన ప్రతిసారీ ఒంటి బరువంతా క్షణకాలం ఒక్క పాదం మీదే పడుతుంది. పరుగెత్తితే ఆ భారం రెండు మూడు రెట్లవుతుంది. ఒక చిన్న లెక్క వేద్దాం. ఉండాల్సిన దానికన్నా 10 కిలోలు ఎక్కువున్న మనిషి రోజుకు 5,000 అడుగులు వేస్తే, ఆ అదనపు భారమే మొత్తం 50,000 కిలోలు. అంటే 50 కిలోల బియ్యం బస్తాలు వెయ్యి! ఏ హమాలీ కూడా ఒక్క రోజులో అన్ని బస్తాలు మోయలేడు. పాదాలు నోరెత్తకుండా మోస్తున్నాయి.

మడమ నుంచి వేళ్ళ దాకా అరికాలి కింద విల్లుకు నారి కట్టినట్టు ఒక పట్టీ ఉంటుంది. పాదం వంపును నిలబెట్టేది అదే. బరువు పెరిగేకొద్దీ ఆ పట్టీ సాగుతుంది, మడమ దగ్గర దెబ్బతింటుంది. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో సూది గుచ్చినట్టు నొప్పి వస్తే చాలావరకు కారణం ఇదే. కొందరికి వంపు తగ్గి పాదం చదునవుతుంది. ఆ తేడా మోకాళ్ళ మీద కూడా పడుతుంది.

ఇంతకన్నా పెద్ద ముప్పు షుగర్. అధిక బరువు దానికి ముఖ్య కారణాల్లో ఒకటి. షుగర్ అదుపులో లేకపోతే కొన్నేళ్ళకు పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, రక్తప్రసరణ మందగిస్తుంది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. తెలియని గాయం పుండవుతుంది, పుండు ముదిరితే వేలో, కాలో తీసేయాల్సి వస్తుంది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో అధిక బరువున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 36 శాతం, తెలంగాణలో 30 శాతం.

"మెస్సులో రెండోసారి కూర వడ్డిస్తే చాలనుకునే పిల్లలకు ఊబకాయం పాఠాలా?" అని మీరు నవ్వవచ్చు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. చిన్నప్పుడు అర్ధాకలితో పెరిగి, పెద్దయ్యాక త్వరగా బరువెక్కిన వారికి షుగర్ ముప్పు ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. మన కథ సరిగ్గా అదే. మన అమ్మానాన్నలు పొలంలో నడుం వంచారు. మనం గ్రూప్స్ కోసం రోజుకు పన్నెండు గంటలు కుర్చీలో కూర్చుంటున్నాం. పని మారింది, పళ్ళెంలో అన్నం కుప్ప మారలేదు. భారతీయులకు వాడే కొలత ప్రకారం 165 సెంటీమీటర్ల ఎత్తున్న వ్యక్తి 63 కిలోలు దాటితే అధిక బరువు, 68 దాటితే ఊబకాయం. మన సీనియర్లు ఒకసారి కాటా ఎక్కి చూసుకోవాలి.

అలాగని లావుగా ఉన్నవాళ్ళను ఎగతాళి చేయడం తప్పు. వాళ్ళది సోమరితనం కాదు. చవగ్గా దొరికేది బియ్యమూ నూనే. పప్పు, కూరగాయలు, పండ్లు ఖరీదు. పైగా మడమ నొప్పి ఉన్న మనిషిని "నడువు, నడువు" అంటే ఎలా నడుస్తాడు? ముందు నొప్పికి వైద్యం, పిక్కలు సాగదీసే వ్యాయామం, మెత్తటి అట్టున్న చెప్పులు కావాలి. సైకిలు తొక్కితే పాదం మీద భారం తక్కువ. ఒక్క కిలో తగ్గినా ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

హాస్టల్ పెద్దలకు నా మనవి: సాయంత్రం ఆటల గంటను స్టడీ అవర్ మింగేయకుండా చూడండి. పూర్వ విద్యార్థులకు నా మనవి: ఏటా శాలువాలకు, జ్ఞాపికలకు పెట్టే డబ్బుతో పిల్లలకు కాలికి సరిపోయే బూట్లు కొనివ్వండి. సైజు చూడకుండా పంచితే మాత్రం బొబ్బలే మిగులుతాయి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకొక పని చెబుతాను. మా ఇంట్లో డిగ్రీ చూసిన మొదటి మనిషిని నేనే. మీలో చాలామంది రేపు అంతే అవుతారు. ఇంట్లో మొదట చదువుకున్న వారి మాటకు విలువ ఉంటుంది. ఆ విలువను వాడండి. ఈ సెలవుల్లో అమ్మానాన్నల అరికాళ్ళు చూడండి. పగుళ్ళు, ఆనెలు, మానని పుండు ఉన్నాయేమో గమనించండి. వాళ్ళు కళ్ళు మూసుకున్నాక దూదితో తాకి, తెలుస్తోందా అని అడగండి. తెలియకపోతే ఆలస్యం చేయకుండా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళి షుగర్ పరీక్ష చేయించండి. షుగర్ ఉంటే ఇంట్లో కూడా చెప్పుల్లేకుండా నడవనివ్వకండి, ఆనెలను బ్లేడుతో కోసుకోనివ్వకండి. అరికాలికి మెత్తగా ఉండే ఎంసీఆర్ చెప్పుల గురించి డాక్టరును అడగండి.

మనల్ని ఇక్కడిదాకా నడిపించిన కాళ్ళవి. వాటిని కాపాడుకోవడం మన చదువులో భాగమే.