గౌరీశిఖరము ఎవరెస్టు కాదు

కుమారసంభవ పంచమసర్గమున పార్వతి తపమొనర్చిన శిఖరము తరువాత ఆమె పేర గౌరీశిఖరమని లోకమున ప్రసిద్ధి చెందెనని కాళిదాసు చెప్పెను. ఈ ఘట్టమును మల్లినాథుని వ్యాఖ్యతో పాఠము చెప్పుచు, ఇదియే గౌరీశంకరము, అనగా ఎవరెస్టు అని వివరించు అలవాటు కొందరు అధ్యాపకులలో నేటికిని కలదు. దుగ్గిరాల, తెనాలి ప్రాంతముల పల్లపు నేలలో పెరిగి, మంగళగిరిని మించిన కొండ నెరుగని విద్యార్థి దానిని విశ్వసించును.

గౌరీశంకరము, ఎవరెస్టు వేర్వేరు శిఖరములు. 19వ శతాబ్ది మధ్యమున జర్మను యాత్రికుడు హెర్మన్ ష్లాగింట్‌వైట్ రెంటిని ఒకటిగా భ్రమించెను. 1903లో హెన్రీ వుడ్ నేపాలు కొండలనుండి పరిశీలించి ఆ భ్రమను తొలగించెను. మొదటిదాని ఎత్తు 7,134 మీటర్లు. రెండవదానిది, 2020లో నేపాలు, చైనా కలిసి ప్రకటించిన లెక్కను బట్టి, 8,848.86 మీటర్లు.

ఇంతటితో వివాదము ముగియదు. ఆంగ్లేయుని పేరు తొలగించి ప్రాచీన సంస్కృతనామమును నిలుపవలెనని కొందరి వాదము. వారి ఆవేదన న్యాయమైనదే. 1865లో లండనులోని భౌగోళికసంఘము ఆ పేరును స్థిరపరచుటకు పూర్వమే, అది దేశీయుల నోట పలుకదని సాక్షాత్తు ఎవరెస్టు దొరయే అభ్యంతరము తెలిపెను. (కృష్ణా గోదావరుల మధ్య అడవులలో సర్వే చేసి జ్వరపడినవాడాయన, మన పలుకుబడి కొంత వినియే యుండును.)

అయినను ఆ స్థానమున నిలుపుటకు ప్రాచీన సంస్కృతనామ మేది? శిఖరము నేపాలు, టిబెట్టుల సరిహద్దుపై నున్నది. ఉత్తరదిక్కువారి చోమోలుంగ్మా అను పేరు 18వ శతాబ్దపు పటములకే ఎక్కినది. 2014 మే 25న నిజామాబాదు జిల్లా బాలిక మాలావత్ పూర్ణ ఆ వైపునుండియే శిఖరము నధిరోహించెను. దక్షిణమున వాడుకలో నున్న సాగరమాథాను 20వ శతాబ్దిలో నేపాలు చరిత్రకారుడు బాబూరామ్ ఆచార్య ప్రచారమునకు తెచ్చెను. అందలి మాథా శబ్దము మస్తకశబ్దమునకు ప్రాకృతము ద్వారా వచ్చిన తద్భవము. దానిని పురాణకాలపు సమాసమనుట వ్యాకరణము చదివినవారికి తగదు.

కాళిదాసు గౌరీశిఖరమునకు కొలత గాని, ఎల్ల గాని చెప్పలేదు. అచట నెమళ్లు కలవని మాత్రము విశేషించెను. నిత్యహిమమున నెమలి యెట్లు నివసించును? ఆ యొక్క విశేషణమునకు అర్థము చెప్పిన అధ్యాపకుడు అదే గంటలో ఎవరెస్టు పేరెత్తజాలడు.