పసివాడి చేతికి కల్లు సీసానా?

పొద్దుగూకే వేళకు సీసా చేతికిచ్చి పిల్లవాణ్ణి కల్లు దుకాణానికి పంపడం మక్తల్ చుట్టుపక్కల పల్లెలకు కొత్త కాదు. దారిలో వాడు ఒక గుక్క తాగినా "మగపిల్లగాడు, ఏమయితదిలే" అని పెద్దలు నవ్వి ఊరుకుంటారు. ఆ నవ్వే రేపు కొంప ముంచుతుంది.

కోడెకు బలం ముందు వస్తుంది, కాడి మాట వినడం తరువాత వస్తుంది. మనిషి మెదడూ అంతే. సంతోషాన్ని కోరే భాగం పదమూడు, పద్నాలుగేళ్లకే ఉరకలు వేస్తుంది. మంచిచెడ్డలు తూచి "ఆగు" అని చెప్పే భాగం నుదుటి వెనుక ఉంటుంది. అది పూర్తిగా ఎదగడానికి ఇంచుమించు 25 ఏళ్లు పడుతుందని వైద్యులు చెబుతున్నారు. పగ్గం బిగియని ఆ వయస్సులో పడిన మత్తు అలవాటు త్వరగా పాతుకుంటుంది. జ్ఞాపకశక్తినీ, చదువునూ దెబ్బతీస్తుంది.

"మా తాతలు తాగలేదా?" అని కొందరు అడుగుతారు. తాతలు తాగినది చెట్టు నుండి దిగిన కల్లు. నేడు చాలా చోట్ల పట్టుబడుతున్నది డైజిపామ్, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన నీళ్లు. 2015లో కల్తీపై దాడులు జరిగి ఆ మందు అందక, పాలమూరుతో సహా పలు జిల్లాలలో జనం వణుకుతూ ఆస్పత్రుల పాలయ్యారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసింది. పెద్దలకే ఈ గతి పడితే పసివాళ్ల మాటేమిటి?

పిల్లలకు మత్తు పదార్థాలు ఇచ్చినా, వారిచేత మద్యం మోయించినా, అమ్మించినా 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం ఏడేళ్ల వరకు కఠిన శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.

గీత కార్మికుల పొట్ట కొట్టమని ఎవరూ కోరడం లేదు. కల్తీ చేసేవారిపై ఆబ్కారీ అధికారులు నిఘా పెంచాలి. పిల్లలకు కల్లు పోయరాదని దుకాణదారులకు గ్రామ పెద్దలు గట్టిగా చెప్పాలి. ఉపాధ్యాయులు బడిలో ఈ సంగతి విప్పి చెప్పాలి. ఇప్పటికే అలవాటు పడిన పిల్లవాణ్ణి కొట్టి, గదిలో పెట్టి మాన్పించబోతే ప్రాణం మీదికి రావచ్చు. ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోవాలి, లేదా 14446కు ఫోను చేయాలి.

అన్నిటికన్నా ముందు తల్లిదండ్రులు చేయగలిగిన పని ఒకటుంది. దానికి పైసా ఖర్చు లేదు. ఈ సాయంత్రం నుండే ఆ సీసాను పిల్లవాడి చేతికివ్వడం మానాలి.