మేఘముల నడుమ వేయి అడుగులు

వానకాలమున విమానము గంటసేపు ఆలస్యమైనచో ప్రయాణికులు మొదట విమాన సంస్థను నిందింతురు. పిదప ప్రభుత్వమును నిందింతురు. ఆ గంట ఎట్లు వ్యయమైనదో విచారించువారు అరుదు. రాడారు తెరయెదుట కూర్చున్న నియంత్రణాధికారి దానిని మన ప్రాణములకు వెలగా చెల్లించినాడని మా అభిప్రాయము.

నిర్మలాకాశమున ఆతని పని కఠినమేగాని క్రమము గలది. రెండు విమానముల నడుమ సాధారణముగా నిలువున వేయి అడుగులైనను, ప్రక్కకు ఐదు నాటికల్ మైళ్లైనను ఎడముండవలెను. విమానాశ్రయ సమీపమున ఆ ఐదు మూడు కావచ్చును. ఉరుములమేఘము అడ్డుపడినంతనే ఈ లెక్క చిక్కుపడును. మన దేశమున అట్టి మేఘములు ఏబదివేల అడుగుల ఎత్తునకు పెరుగుటయు కలదు. వాని మీదుగా దాటిపోవుట అసాధ్యము. ఒక పైలటు కుడికి తొలగుదుననును, మరియొకడు ఎడమకు, మూడవవాడు క్రిందికి దిగుదుననును. అందరు కోరునది మేఘముల నడుమ మిగిలిన ఒకే సందు. నీరు తగ్గిననాడు కాలువపై వంతులు పెట్టు లస్కరు అవస్థ మన రైతులకు తెలియనిది కాదు. అక్కడ వంతు తప్పినచో కొట్లాటతో పోవును. అందుచేత నియంత్రణాధికారి దిగవలసిన విమానములను వేయేసి అడుగుల ఎడముతో ఒకదానిపై నొకటిగా చుట్లు తిప్పును. బయలుదేరవలసినవానిని నేలపైననే నిలుపును. మనము శపించు ఆలస్యమిదియే.

1996 నవంబరు 12వ తేది సాయంకాలము ఢిల్లీనుండి ఎక్కుచున్న సౌదీ విమానమునకు 14,000 అడుగులు, దిగుచున్న కజకిస్తాన్ విమానమునకు 15,000 అడుగులు నిర్ణయింపబడినవి. ఎదురువచ్చు విమానమును గూర్చి అధికారి హెచ్చరించియే యుండెను. దిగు విమానము తన ఎత్తును నిలుపుకొనక క్రిందికి జారినది. ఆ చేరువను పోవుచున్న అమెరికా సైనిక విమానపు పైలటుకు మేఘములో నిప్పువెలుగు కనబడినది. హర్యానాలోని చర్ఖీ దాద్రీ సమీపమున 349 మంది మరణించిరి.

విచారణ సంఘము దోషమును కజకిస్తాన్ విమాన సిబ్బందిపై మోపినది. అది న్యాయమే. కాని ఆనాటి ఢిల్లీ రాడారు దిక్కును, దూరమును చూపెనుగాని ఎత్తును చూపలేదు. రాకకును పోకకును దారి ఒక్కటే. వేయి అడుగుల ఎడమును అధికారి నోట పలికినాడు, కంట చూడలేకపోయినాడు. ఎత్తును తెలుపు రాడారుగాని, విమానములు ఢీకొనకుండ హెచ్చరించు యంత్రముగాని అప్పటికి లోకమునకు క్రొత్తవి కావు. దారులు వేరుపడుటయు, ఆ యంత్రము విధియగుటయు ఈ ఘోరము జరిగిన పిదపనే.

యంత్రములు నేడు మెరుగైనవి. మనుష్యుల మాట యేమి? నియంత్రణాధికారుల కొరతను, అలసటను 2025లో పార్లమెంటు స్థాయీసంఘమే ఎత్తిచూపినది. చలువరాతి భవనము రెండేండ్లలో లేచునేమో. తుపాను రాత్రి పది గొంతులను ఒక్కసారి విని తడబడని అధికారి అంత సులభముగా తయారుకాడు. క్రొత్త విమానాశ్రయములకు ప్రారంభ ముహూర్తములు నిశ్చయించు మంత్రివర్యులు, రాత్రివేళ అచట తెరయెదుట ఎందరు కూర్చుందురో, వారికి ఎన్ని గంటల విశ్రాంతి కలదో అదే సభలో ప్రకటింపవలెనని మేము కోరుచున్నాము.