కూపను చింపితే సర్వీసు అయినట్టేనా?

నిరుడు వైశాఖంలో మా పక్క ఊరి రైతు ఒకాయన ట్రాక్టరు దుక్కిలోనే ఆగిపోయింది. కొని రెండేళ్లు కాలేదు. నీలం పొగ, ఆయిలు తాగుడు, బండికి లాగుడు లేదు. షోరూముకు తీసుకుపోతే "ఇంజను బోరుకొచ్చింది, దించాలి" అన్నారు. ఖర్చు ఎనభై వేల పైమాటే. గ్యారంటీ ఉంది గదా అంటే, "మీరు టైముకు ఆయిలు మార్పించలేదు" అన్నారు. ఆయన సర్వీసు పుస్తకం తీసి ముందు పెట్టాడు. కూపన్లు చింపిందీ వాళ్లే, ముద్ర వేసిందీ వాళ్లే! అప్పుడు "ఎయిర్ క్లీనరు చూసుకోలేదు" అని మాట మార్చారు.

తిలా పాపం తలా పిడికెడు అని ఇక్కడ సర్దుకుపోతే మునిగేది రైతే. ఎవరి వంతు ఎంతో తేలాలి. రోజూ పొద్దున్నే నీళ్లు, ఆయిలు మట్టం చూడటం, దుమ్ములో దున్నేటప్పుడు ఎయిర్ క్లీనరు శుభ్రం చేయడం మన పని. దుమ్ము లోపలికి పోతే లైనర్లు, పిస్టన్ రింగులు ఆకురాయితో రుద్దినట్టు అరిగిపోతాయి. అది మనమూ ఒప్పుకోవాలి. కానీ మీటరులో గంటలు చూసి ఇంజను ఆయిలు, ఫిల్టరు మార్చడం, సర్వీసుకొచ్చిన బండిలో లోపం ఉంటే చెప్పడం డీలరు పని. పని చేయకుండానే ముద్ర వేస్తే, ఆ నష్టం డీలరే భరించాలని నా అభిప్రాయం.

చిక్కు మన దగ్గరా ఉంది. బండి అక్కడ వదిలి, బజారు పనులు చూసుకుని, సాయంత్రం వచ్చి చూపించిన చోటల్లా సంతకం పెట్టేస్తాం. రేపు ఆ సంతకమే మన మీదికి వస్తుంది. దగ్గర నిలబడి మార్పించండి. పాత ఫిల్టరు అడిగి తెచ్చుకోండి. మీటరు గంటలు, మార్చిన సామాను జాబ్ కార్డు మీద రాయించి నకలు తీసుకోండి. మెకానిక్కు మీ బావమరిదే అయినా బిల్లు బిల్లే.

ఇంజను పాడైతే విప్పకముందే ఫొటోలు తీయించండి. పాత ఆయిలు ఒక సీసాలో పట్టి ఉంచండి. బయటి మెకానిక్కు చేత కారణం రాయించుకోండి. డీలరుకూ, కంపెనీకీ స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి రసీదు దాచుకోండి.

అప్పటికీ కదలకపోతే, 2020 జులై నుంచి అమలులో ఉన్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. వకీలు తప్పనిసరి కాదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు లేదు. కారణం పుట్టిన 2 ఏళ్లలోగా వేయాలి. "ట్రాక్టరుతో వ్యాపారం చేస్తున్నావు, నువ్వు వినియోగదారుడివి కావు" అని అవతలివాళ్లు వాదిస్తారు, బెదరకండి. స్వయం ఉపాధితో పొట్టపోసుకునేందుకే కొన్న వస్తువుకు చట్టం మినహాయింపు ఇచ్చింది. ముందుగా సలహా కావాలంటే 1915కు ఫోను చేయండి.

ఆ రైతు తొలకరి తరుముకొస్తుంటే అప్పు చేసి ఇంజను బాగుచేయించుకున్నాడు. ముద్రలున్న పుస్తకం, ఆ రిపేరు బిల్లులు తప్ప ఆయన దగ్గర ఇంకో కాగితం లేదు. వాటితోనే ఫిర్యాదు వేశాడు. వాయిదాలు నడుస్తున్నాయి.