బస్సుల రాకపోకలు – ప్రజల లెక్క

ఢిల్లీ ప్రభుత్వమువారు 2018వ సంవత్సరమున నగర బస్సుల కాలపట్టికలను, నడచుచున్న బస్సు లే క్షణమున నెచ్చట నున్నవో తెలుపు సమాచారమును సర్వజనులకు బహిరంగ మొనర్చిరి. కాలపట్టిక ప్రజల కిచ్చిన మాట. బస్సు జాడ దానికి సాక్ష్యము. ఇఁక విచారణయే తరువాయి.

విచారణకుఁ గొలబద్ద వలయును. ఇంగ్లండులో నిర్ణీతకాలమునకు 1 నిమిషము ముందు మొదలు 5 నిమిషముల 59 సెకండ్ల యాలస్యము వఱకు బస్సు సకాలమున నడచినట్లే యెన్నుదురు. అంతకు ముందుగాఁ బోవుటయు దోషమే. వేళకు వచ్చినవాఁడు తరువాతి బస్సుకై నిలువవలసినదే గదా!

సగటులను మాత్రము నమ్మరాదు. పది నిమిషముల కొకటి రావలసిన బస్సులు రెండు కలసి వచ్చి, పిదప నిరువది నిమిషములు రాకున్నను సగటు చెడదు. కూలివాని దినము చెడును. అసలు బయలుదేఱని బస్సున కాలస్యమే లేదు! నడచినవానినే లెక్కించినచో పట్టిక శోభించును, ప్రజ యెండలో నిలుచును.

కావున మేము కోరునది యిది: ప్రతి నగరమునను కాలపట్టికయు, బస్సుల జాడయు బహిరంగము కావలెను. క్షణక్షణము మాఱు నా జాడను భద్రపఱుపవలెను. దాఁచని సాక్ష్యము సాక్ష్యము కాదు. నడువని బస్సును తప్పిన మాటగనే యెన్నవలెను. లెక్క కట్టు పని విద్యావంతులగు యువకులు పూనుకొందురు గాక. తన సొమ్ముతో నడచు బండిని లెక్క యడుగుట పౌరుని హక్కు, అడుగకుండుట యలసత్వము.