పెళ్లి ఇద్దరిది, అభ్యంతరం ఊరందరిదా?

మేజర్లయిన ఇద్దరు ఇష్టపడి పెళ్లి చేసుకుంటామంటే కుటుంబం, కులం, పెద్దమనుషుల సమ్మతి అక్కర్లేదని 2018 మార్చిలో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అయినా పరాయివాళ్ల పెళ్లిలో తలదూర్చేవాళ్లకు మన చట్టమే ఒక తలుపు తెరిచి ఉంచింది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లికి నోటీసు ఇస్తే, పేర్లు, వయసు, వృత్తి, ఉంటున్న చిరునామా, శాశ్వత చిరునామాతో సహా అన్నీ వివాహాధికారి కార్యాలయంలో అందరికీ కనబడేలా అంటించాలి. సొంతూరు వేరే జిల్లాలో ఉంటే అక్కడి కార్యాలయానికీ ఒక ప్రతి వెళ్తుంది. 30 రోజులలోపు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. చెబితే విచారణ తేలేదాకా పెళ్లి ఆగినట్టే. దురుద్దేశంతో అడ్డుపడ్డారని తేలినా వాళ్ల మీద వేయగల ఖర్చులు గరిష్ఠంగా వెయ్యి రూపాయలే.

కులాంతర, మతాంతర జంటలకు ఈ నెల రోజులు ఎంత భయంగా గడుస్తాయో తెలుగు నేలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న ఒక దళిత యువకుడిని గర్భిణి అయిన భార్య కళ్లెదుటే ఆసుపత్రి బయట నరికి చంపారు. ఆ కేసులో 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించింది. ఆ హత్యకు నోటీసు బోర్డు కారణం కాదు. కానీ ఇలాంటి పగలున్న సమాజంలో ఒక జంట చిరునామాను గోడకు అంటించడమంటే, వాళ్లు ఎవరికి భయపడి దూరంగా వచ్చారో సరిగ్గా వాళ్ల చేతికే ఆ కాగితం అందించడమే. ఇంట్లో తెలియకముందే ఊళ్లో తెలుస్తుంది. అడ్డుకోవాలనుకున్నవాడికి నెల గడువూ దొరుకుతుంది.

నోటీసు లేకపోతే మోసాలు, రెండో పెళ్లిళ్లు పెరుగుతాయని కొందరి వాదన. ఈ ఆందోళన అబద్ధం కాదు, మందే సరైనది కాదు. చట్టం అడిగేవి వయసు, మతిస్థిమితం, బతికున్న భార్యో భర్తో లేకపోవడం, నిషిద్ధ బంధుత్వం లేకపోవడం. ఇవి ధ్రువపత్రాలతో, విడాకుల డిక్రీతో, అధికారి గోప్యంగా జరిపే పరిశీలనతో తేలేవి. మొదటి భార్య ఉండగా, విడాకులు లేకుండా చేసుకునే రెండో పెళ్లి చెల్లదు, అది నేరం కూడా. ఎక్కడో హైదరాబాద్ ఆఫీసు గోడ మీది కాగితం ఆమె కంట పడుతుందనుకోవడం కన్నా, వివాహ రిజిస్ట్రేషన్ల వివరాలను అధికారులు పరస్పరం సరిచూసుకునే ఏర్పాటు ఆమెకు ఎక్కువ రక్ష. హిందూ వివాహ చట్టం కింద ఇలాంటి బహిరంగ నోటీసే లేదు. అక్కడ అవసరంలేని అనుమానం ఇక్కడ ఎందుకు? 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు, నోటీసు ప్రచురణ ఆ జంట ఇష్టమేనని చెప్పడానికి ఈ వివక్ష కూడా ఒక కారణం.

మరి కని పెంచిన తల్లిదండ్రుల మాటో? వాళ్లకు సలహా చెప్పే హక్కు ఉంది, బాధపడే హక్కూ ఉంది. బిడ్డను కూర్చోబెట్టి మాట్లాడటానికి ప్రభుత్వ నోటీసు అవసరం లేదు. సలహా వినడం, వినకపోవడం మాత్రం మేజరైన బిడ్డ ఇష్టం. ఆ నిర్ణయం తర్వాత కూడా అడ్డుపడితే దాన్ని ప్రేమ అనలేం, పెత్తనం అనాలి. తల్లిదండ్రులకే ఈ హద్దు ఉన్నప్పుడు కులసంఘాలకూ, దారినపోయేవాళ్లకూ ఏం హక్కు ఉంటుంది?

పార్లమెంటు ఈ బహిరంగ ప్రకటనను, ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చన్న నిబంధనను తొలగించాలి. అప్పటిదాకా అధికారులు చట్టం అడిగినంతే అడగాలి. చట్టం చెప్పకుండా ఇంటికి ఫోన్ చేసి పెద్దల్ని పిలిపించడం వాళ్ల పని కాదు. అలాంటి నోటీసు ఎప్పుడైనా మీ కంట పడితే, అందులో చట్టవిరుద్ధమైనదేదీ మీకు తెలియకపోతే, దయచేసి మీ దారిన మీరు వెళ్లండి. ఆ కబురు ఇంకొకరి చెవిన వేయకండి.